పలక మీది సాకు

డెబ్బయ్యవ దశకంలో మా కళ్యాణదుర్గంలో ఊరంతా వినబడే గొంతులు రెండే ఉండేవి. ఒకటి నా మైకు సెట్టు. రెండోది నా స్నేహితుడి గొంతు, దానికి మైకుతో పనిలేదు. వాడు బజారు ఆ చివర నిలబడి కాఫీ అంటే ఈ చివర హోటల్లో గ్లాసు కడిగేవాళ్ళు. వాడిది ధర్మవరం, మగ్గాల ఇల్లు. అమ్మా నాయనా పోయాక మగ్గం గుంటలో కూర్చునే ఓపిక లేక మా ఊరొచ్చి నా మైకు దగ్గర చేరాడు. పెళ్ళిళ్ళలో పద్యాలు పాడేవాడు. వానలు ఎగ్గొట్టిన ఏడు బజార్లో పందిరి వేసి పురాణం చదివిస్తే వాన వస్తుందని మావాళ్ళ నమ్మకం. ఎగ్గొట్టని ఏడే తక్కువ కాబట్టి ఏటా వాడే చదివేవాడు. ఒక్కోసారి వాన వచ్చేది కూడా. వాడు చదివినందుకు వచ్చిందో, ఆపినందుకు వచ్చిందో నేను చెప్పలేను.

నేనూ పాడేవాడిని. మైకు కట్టిన ప్రతిచోటా రికార్డు పెట్టే ముందు ఒక పాట నేనే ఎత్తుకునేవాడిని. మైకు నాది, కరెంటు పెళ్ళివాళ్ళది, అడ్డం చెప్పేవాడెవడు? దిగొచ్చి "ఎట్లుండాదిరా?" అని అడిగితే వాడు "బలే ఉండాదిరా" అనేవాడు. పదకొండేళ్ళు అట్లాగే అన్నాడు. ఆ పదకొండేళ్ళూ నేను నమ్మాను.

అప్పుడొచ్చాడు మౌనస్వామి. బళ్ళారి వైపు నుంచి వచ్చి ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో గుట్ట కింద కూర్చున్నాడు. మాట్లాడడు. ఏదన్నా చెప్పాలంటే పలక మీద రాస్తాడు. చుట్టూ తెల్లబట్టల శిష్యులు, వాళ్ళందరి మీదా ఒక పెద్ద శిష్యుడు. ఈ పెద్ద శిష్యుడు ఒకప్పుడు బస్సు కండక్టరు. బట్టలు మారినా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అనే నోరు మారలేదు. స్వామి పలక మీద రాసింది వేలమందికి చదివి వినిపించడానికి వాళ్ళకొక గొంతు కావలసి వచ్చింది. మావాడిని ఎత్తుకుపోయారు.

ఎత్తుకుపోయారు అంటే భుజాన వేసుకుని కాదు. మొదట వారానికొక రోజు పిలిచారు. తర్వాత మూడు రోజులు. తర్వాత వాడు తెల్లబట్టలు కట్టాడు. పాత స్నేహాలు ఆత్మకు మురికి అన్నారంట, నా అంగడి ముందు నుంచి పోతూ తల తిప్పుకున్నాడు. ఒకరోజు నేనే ఎదురుపడితే చేతులు జోడించి "ఆత్మబంధూ" అన్నాడు. పదకొండేళ్ళు "రేయ్" అన్నవాడు నన్ను ఆత్మబంధూ అంటాడా! చెయ్యెత్తాను. మా అమ్మ పక్కనుండి రెక్క పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

అక్కడ ఇంకో పద్ధతుండేది. అమావాస్య అమావాస్యకూ ప్రతివాడూ తాను చేసిన తప్పులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి పెద్ద శిష్యుడికివ్వాలి. దాన్ని కడుగుడు పుస్తకం అనేవాళ్ళు. రాస్తే పాపం కడుక్కుపోతుందట. పాపం పోయిందో లేదో గానీ పుస్తకాలు మాత్రం ఎక్కడికీ పోలేదు, పెద్ద శిష్యుడి ఇనప్పెట్టెలోనే ఉండేవి.

స్వామి పలక మీద ఎక్కువసార్లు రాసే మాట ఒకటే: సాకు. జనం పాలు తెచ్చి ఆయన ముందున్న గిన్నెలో పోస్తుంటే, బెల్లం ముక్కలు పేరుస్తుంటే, ఆయన గబగబా పలక అందుకుని ఆ మాట రాసేవాడు. పలక చూసే హక్కు మావాడొక్కడికే. వాడు చూసి, కళ్ళు మూసుకుని, గుట్ట మారుమోగేట్టు "సాకమంటున్నారు స్వామీ!" అనేవాడు. పాలు తెచ్చినాయన ఇంటికి పోయి, ఏమి సాకాలా అని వెతుక్కునేవాడు. ఒకాయన ఊరిబయట తిరిగే కుంటిగాడిదను ఇంటికి తోలుకొచ్చి గడ్డివేసి సాకాడు. పశువులకే గడ్డిలేని కరువులో! ఇంకొకాయన తాను తరిమేసిన బావమరిదిని బతిమాలి వెనక్కు తెచ్చుకున్నాడు. జనం ఇట్లా గాడిదలతో, కుక్కలతో మళ్ళీ దర్శనానికి వస్తే స్వామి బిత్తరపోయి చూసేవాడు. ఆ చూపును కరుణ అనేవాళ్ళు.

మా అమ్మ కూడా ఒకసారి మజ్జిగ కుండ ఎత్తుకుని పోయింది. సాయంత్రం దిగాలుగా వచ్చి కూర్చుంది.

"సాకమన్నాడురా నన్ను. ఎవర్ననేది చెప్పలా."

"నన్ను సాకుతాండావు గదమ్మా, సాలదా?"

"నిన్ను సాకేదానికి స్వామి చెప్పల్నా? అది నా తలరాత చెప్పింది," అంది.

మూడేళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను అంగడి మూసి అన్నానికి ఇంటికి వచ్చేసరికి గడపలో వాడు నిలబడి ఉన్నాడు. కాళ్ళకు చెప్పుల్లేవు, పంచె మోకాళ్ళదాకా ఎర్రమన్ను. మూడేళ్ళ తిట్లు నా నోటి నిండా ఉన్నాయి. అసలు వరస కూడా కట్టి పెట్టుకున్నాను, ముందు ఏది తిట్టాలి, తర్వాత ఏది తిట్టాలి అని. నోరు తెరిచేలోపల మా అమ్మ బయటికొచ్చింది. వాడిని కిందికీ మీదికీ చూసింది.

"వచ్చినాడు సూడు! స్వామి సాకమనింది వీడినేరా! లోపలికి రా నాయనా, కాళ్ళు కడుక్కో," అని చెంబు చేతికిచ్చింది.

వాడు చెంబు పట్టుకుని గోడకానుకుని ఏడ్చాడు. నా తిట్లన్నీ గొంతులోనే ఎండిపోయాయి.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే ఎదురింటి అరుగు మీద నలుగురు తెల్లబట్టలవాళ్ళు. కూర్చున్నారు. మా తలుపు వైపు చూస్తున్నారు. అంతే. తిట్టరు, కొట్టరు. వాడు కొళాయికి పోతే లేచి పది అడుగుల వెనక నడుస్తారు, వాడు బిందె దించితే నిలబడతారు, ఎత్తితే నడుస్తారు. రోజూ ఒక కార్డు కూడా వచ్చేది. మా అమ్మకు చదువు రాదు కాబట్టి పోస్టుమాను వాకిట్లో నిలబడి పైకే చదివేవాడు: "ఆత్మబంధూ, నీ పుస్తకం మా దగ్గర భద్రంగా ఉంది." రోజూ అదే వాక్యం. నాలుగో రోజుకు వీధంతా "ఏం పుస్తకమప్పా అది?" అని అడగడం మొదలుపెట్టింది. పోస్టుమాను కూడా అడిగాడు.

వాడు ముద్ద మింగలేకపోయాడు. పక్కింటి తీగ మీద తెల్లపంచె ఆరేసి ఉంటే చూసి మంచం కిందికి దూరాడు. బయటికి లాగడానికి నేనూ మా అమ్మా చెరొక కాలు పట్టుకోవాల్సి వచ్చింది.

నేను ఊరుకుంటానా? కర్ర తీసుకుని అరుగు మీదికి పోయాను. నలుగురూ వీపులు తిప్పి, "కొట్టండి ఆత్మబంధూ, మా పాపం పోతుంది," అన్నారు. కొట్టమని వీపు చూపించేవాణ్ణి ఎట్లా కొడతారు? చేసేది లేక కర్ర భుజాన వేసుకుని వచ్చాను. మర్నాడు గరాటు స్పీకరు వాళ్ళ మొహాల వైపు తిప్పి నాదస్వరం రికార్డులు పెట్టాను. వాళ్ళు హాయిగా తలలూపుతూ తాళం వేశారు. వీధివాళ్ళు మాత్రం నన్ను కొట్టడానికొచ్చారు. స్టేషనుకు పోతే హెడ్డుగారు పాపం ఓపికగానే విన్నాడు. "అరుగు మీద కూర్చున్నోళ్ళను పట్టుకుంటే ఊర్లో ఎవరు మిగుల్తారప్పా?" అన్నాడు. తిరిగొచ్చేసరికి మా అమ్మ ఆ నలుగురికీ మజ్జిగ పోస్తోంది.

"నీకేమన్నా బుద్ధుందా అమ్మా!"

"ఎండలో కూచోనుండారురా. వాళ్ళమ్మలు సూస్తే ఏమనుకుంటారు?"

పురాణం పందిరి వేసే రోజులొచ్చాయి. ఊరి పెద్దలు వాడే చదవాలన్నారు. ఆ కబురు గుట్టకు చేరింది. పెద్ద శిష్యుడు స్వయంగా వచ్చి మా గడప బయట నిలబడి, చాలా మెత్తగా చెప్పాడు: "ఎల్లుండి సాయంత్రం స్వామి కూడా పందిట్లోకి వస్తారు. నీ పుస్తకం తెస్తాము. నువ్వు మాతో వెనక్కి వస్తే సరే. లేదంటే నువ్వు పురాణం మొదలుపెట్టేలోపల నేను నీ పురాణం చదువుతాను. ముందుకు జరుగు ఆత్మబంధూ."

అతను పోయాక వాడు తన తెల్లపంచె మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"పోతాండారా. ఆడికే పోతా. ఇంగ నావల్ల కాదు."

"ఏం రాసినావురా అందులో? ఎవుర్నన్నా నరికినావా?"

"అట్లాంటివి కాదు. సిన్నవే. కానీ అందరివీ ఉండాయి." నా వైపు చూసి తల దించుకున్నాడు. "అసలుది అందులో లేదు. అది రాయల్యా."

మా అమ్మ పెరట్లో ఉందని చూసుకుని, చిన్నగా చెప్పాడు. ఆ గొంతు అంత చిన్నగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. నెల కిందట శిష్యులతో కలిసి బళ్ళారి పక్కనుండే విడపనకల్లు పోయాడంట. హోటల్లో సర్వరు ఒకాయనకు సాంబారు పోస్తుంటే ఆయన చెయ్యి అడ్డంపెట్టి "సాకు, సాకు" అన్నాడట. సర్వరు ఆపేశాడట. పక్కాయనకు పోస్తే ఆయనా సాకు అన్నాడు, మళ్ళీ ఆపాడు. మావాడికి చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయిందట. గుట్టకు తిరిగిపోయినా ఆ మాట మళ్ళీ అరవలేక మా ఇంటికి వచ్చేశాడట.

"స్వామిది కన్నడంరా. పలక మీద కన్నడం రాస్తా వచ్చినాడు. అక్షరాలు మన మాదిరే ఉంటాయి గదా, నేను తెలుగనుకుని సదివినా. సాకంటే ఆ బాసలో సాలని. ఆయప్ప పాలు సాలు, బెల్లం సాలు అన్నాడు. మూడేండ్లు నేను సాకమన్నాడని అరిసినా!"

నాకు నవ్వాగలేదు. మాది కన్నడానికి దగ్గర ఊరు. డబ్బులకు మేమనే దుడ్లు మాట కూడా మాకు అటునుంచే వచ్చింది. బళ్ళారి వైపు నుంచి వచ్చే గాజులావిడతో మా అమ్మ కన్నడంలో పోట్లాడి మరీ బేరమాడేది. ధర్మవరం వాడికి ఆ ముక్క తెలియకపోవడం, ఆ పలక వాడొక్కడే చూడటం, ఆ గుట్టంతా వాడి అరుపు నమ్మడం! గాడిద గుర్తొచ్చింది, బావమరిది గుర్తొచ్చాడు. మంచం మీద పడి దొర్లి నవ్వాను. లేచి చూస్తే వాడు నవ్వడం లేదు.

"నవ్వుతావేమిరా? మీయమ్మ నన్ను ఇంట్లో పెట్టుకునింది ఆ మాట మీదే. స్వామి సాకమన్నాడని. అది ఉత్తదని తెలిస్తే నేను ఏ మొగం పెట్టుకుని సంగటి తినల్ల? నాకు ఇంగ యాడుండాదిరా ఇల్లు?"

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. సిగ్గేసింది కూడా. నాకు సిగ్గేస్తే వెంటనే కోపమొస్తుంది, ఎందుకో తెలీదు. లేచి వాడి పంచె లాక్కుని పెరట్లోకి విసిరేశాను.

"యాడికీ పోవద్దు. వాళ్ళ దగ్గర కాయితముండాది. నీ దగ్గర నోరుండాది. ఊర్లో మైకొకటే, అది నాది. వాళ్ళు సదివేదానికి ముందు నువ్వే సదువు. అన్నీ చెప్పేయ్. అంతా చెప్పినాక వాళ్ళు ఆ పుస్తకం ఏం చేసుకుంటారు, వడలు కట్టుకుంటారా?"

మూడో రోజు సాయంత్రం పందిట్లో అంతమందిని పురాణానికి నేనెప్పుడూ చూడలేదు. పోస్టుమాను పుణ్యం. స్వామిని ఎద్దులబండిలో తెచ్చి ముందు వరసలో పీట మీద కూర్చోబెట్టారు, ఒళ్ళో పలక. బాగా చిక్కిపోయి ఉన్నాడు. పక్కన పెద్ద శిష్యుడు, చేతిలో నోటుపుస్తకం. మా అమ్మ ఆడవాళ్ళ వైపు స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నేను హలో హలో అని మైకు సరిచూసి, అలవాటు కొద్దీ ఒక పాట పాడి, మిషను దగ్గర కూర్చున్నాను.

పెద్ద శిష్యుడు లేచేలోపల మావాడు మైకు పట్టుకున్నాడు. గొంతు మాత్రం ఎప్పటి గొంతే. పురాణం చదివే నోరు కదా, తప్పులు కూడా రాగంలోనే వచ్చాయి.

"కాఫీ హోటల్లో ఏడు వడలు దొంగతనంగా తింటినీ..." అని దీర్ఘం తీశాడు. హోటలాయన, "ఏడేనా? నేను ఎక్కువనుకుంటినే!" అన్నాడు. జనం నవ్వారు. "నాలుగేండ్ల కిందట ఆకలికి తట్టుకోలేక పురాణంలో పన్నెండు పుటలు తిప్పేస్తినీ..." వెనక నుంచి ఎవరో లేచి, "అందుకేరా ఆ ఏడు వాన రాల్యా!" అని అరిచారు. పందిరి ఊగిపోయింది. ఇంతవరకూ నేనూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను.

అప్పుడు వాడు రాగం ఆపి, మామూలుగా చెప్పాడు.

"ఈ మైకాయన పాడితే బాగుండాదని పదకొండేండ్లు చెప్పినా. అది అబద్ధం. వీడు పాడితే పెండ్లిబండి ఎద్దులు బెదురుతాయి."

ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. పిల్లలు కాదు, పెద్దవాళ్ళు. అంటే అందరికీ ముందే తెలుసన్నమాట. నా చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. ఒక్క తిప్పు తిప్పితే వాడి గొంతు ఆగేది కాదు గానీ నా మైకు ఆగేది. నా మైకులో, నా బ్యాటరీతో, నన్నే అంటాడా! ఒళ్ళంతా మండిపోయింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, అబద్ధమెందుకు. అంతలో పెద్ద శిష్యుడు కనబడ్డాడు. పుస్తకంలో పుటలు గబగబా తిప్పుతున్నాడు, వాడు చెప్పనిది ఏదైనా మిగిలిందా అని. ఆ వెతుకులాట చూసి స్విచ్చు వదిలేశాను. వాడి గొంతుకు అక్కర్లేకపోయినా శబ్దం ఇంకొంచెం పెంచాను.

"ఇంకా ఉన్నాయి! ఇంకా ఉన్నాయి!" అంటూ పెద్ద శిష్యుడు పుస్తకం ఎత్తాడు. ఏమున్నాయో మాత్రం చదవలేకపోయాడు.

"ఉండాది," అన్నాడు మావాడు. "ఆ పుస్తకంలో లేనిది ఒకటుండాది."

ఆడవాళ్ళ వైపు చూశాడు. మా అమ్మ కనబడేదాకా చూశాడు. తర్వాత చెప్పేశాడు, విడపనకల్లు హోటలుతో సహా. స్వామి చాలన్నాడని, తాను సాకమన్నాడని అరిచానని, మూడేళ్ళు అందరినీ తప్పుదారి పట్టించానని.

పందిరి మధ్యలోంచి ఒక ముసలాయన నిదానంగా లేచాడు.

"అయితే నా గాడిదప్పా?"

ముసలాయన పందిరంతా ఒకసారి కలయజూశాడు.

"రెండేండ్లు సాకితి గదప్పా! దానికి పేరు గూడా పెడ్తిని!"

బావమరిదిని తెచ్చుకున్నాయన పక్కనున్న బావమరిది వైపు ఒక చూపు చూశాడు. బావమరిది గబుక్కున లేచి వేరే వరసలో కూర్చున్నాడు. కొందరు నవ్వారు, కొందరు మోసం మోసం అని అరిచారు, చెప్పొకటి గాల్లోకి లేచింది. పెద్ద శిష్యుడు "స్వామికి అపచారం! స్వామి శపిస్తారు! రాయండి స్వామీ!" అని పలక ఆయన చేతిలో కుక్కాడు.

స్వామి పలక అందుకున్నాడు. బలపం పెట్టి ఏదో రాయబోయాడు. ఆగాడు. పలక పీట మీద పెట్టి లేచి నిలబడ్డాడు. నోరు రెండుసార్లు కదిలింది గానీ శబ్దం రాలేదు. మూడోసారి వచ్చింది, ఎన్నాళ్ళగానో తియ్యని తలుపు కిర్రుమన్నట్టు.

"సాకు," అన్నాడు. "సాకప్పా, సాకు."

అందరూ మావాడి వైపు తిరిగారు. మూడేళ్ళ అలవాటు, వాడి కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి, ఛాతీ పొంగింది.

"స్వామీ..." అని ఎత్తుకుని, ఒక్క క్షణం ఆగి, "చాలంటున్నారు," అన్నాడు.

స్వామి తల ఊపాడు. ఊపుతూనే పందిరి దాటి బస్టాండుకు నడిచి, బళ్ళారి బస్సెక్కి కూర్చున్నాడు. పెద్ద శిష్యుడు వెనకపడి పరిగెత్తాడు గానీ బస్సు మెట్టు మీద కండక్టరు అతనితో "ముందుకు జరగండి" అన్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. అది నేను చూడలేదు. మర్నాడు పొద్దున ఎదురింటి అరుగు ఖాళీగా ఉంది.

అయితే ఆ సాయంత్రమే పందిట్లోంచి నేను తీగలు చుట్టుకుని ఇంటికి వచ్చేసరికి వాడు సంచి సర్దుకుని నడవలో నిలబడి ఉన్నాడు. మా అమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. నేను తీగల చుట్ట ధడేలున కింద పడేశాను. నా పాట సంగతి నాకింకా మండుతూనే ఉంది.

"పోతాండా పెద్దమ్మా," అన్నాడు వాడు. "స్వామి నిన్ను సాకమనల్యా. నువ్వు పోసిన మజ్జిగ సాలన్నాడు. అంతే. కన్నడంలో సాకు అంటే సాలని."

మా అమ్మ కెలకడం ఆపలేదు.

"నాకు కన్నడం రాదు," అంది.

నేను నోరు తెరిచి గాజులావిడ సంగతి అనబోయాను. మా అమ్మ తెడ్డు నా వైపు చూపించింది. నోరు మూసుకున్నాను.

పళ్ళెం పెట్టి, సంచి వాడి భుజం మీంచి తీసి మూలన వేసి, ముద్ద వేసింది. వాడు తినేదాకా నిలబడి చూసి ఇంకొక ముద్ద తెచ్చి పళ్ళెం మీద పట్టుకుంది.

"సాలా?" అంది.

వాడు సాలనలేదు.